ఎదుటి మనిషి

మా నాన్నకి ఇద్దరు భార్యలని అమ్మ అందరితోనూ అనేది. ఒకరు తను, రెండోది ఆయన ఎడిటరు. "నన్ను చేసుకున్నది పెద్దవాళ్ళు చూపిస్తే. దాన్ని మాత్రం కాలేజీలో ఆయనే ఇష్టపడి తెచ్చుకున్నారు" అని నవ్వేది. నాన్న కూడా నవ్వేవాడు గానీ, కాదని మాత్రం అనేవాడు కాదు.

ఎడిటరంటే పత్రికాఫీసులో కూర్చునే పెద్దమనిషి కాదు. కంప్యూటరులో రాసినదాన్ని దిద్దుకునే సాధనం. నాన్న వాడేది పాతకాలపుది. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. పైన మెనూలుండవు, బొమ్మలుండవు, మౌసు ముట్టుకునే పని లేదు. కొత్తవాడు పొరపాటున అందులోకి వెళితే బయటికి రావడం ఎలాగో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చుంటాడు. నాన్న వేళ్ళు మాత్రం నిద్రలో లేపి కూర్చోబెట్టినా తడబడవు. ల్యాబులో మౌసుతో నొక్కుకుంటూ పనిచేసే వాళ్ళని చూసి ఆయన జాలిపడేవాడు. చెంచాతో పప్పన్నం తినేవాళ్ళని చూస్తే మా అమ్మమ్మ పడే జాలి లాంటిదే అది.

నాన్న పేరు డాక్టర్ శేషగిరి. విశాఖపట్నంలో, కొండవాలు మీద కట్టిన ఒక పరిశోధనశాలలో మనుషుల జ్ఞాపకాల మీద పనిచేసేవాడు. ఆయన తయారుచేసిన యంత్రం పేరు గడియ. తలుపుకి వేసే గడియే. అది చేసే పనీ అదే.

తలకి టోపీ లాంటిది పెట్టి కుర్చీలో కూర్చోబెడతారు. ఎదురుగా తెలిసిన మనిషి వచ్చి కూర్చోగానే తెర మీద చుక్కలు వెలుగుతాయి. వాళ్ళమ్మని చూస్తే ఒకలాగ, పాలవాణ్ణి చూస్తే ఇంకోలాగ. నాకు మొదటిసారి చూపించినప్పుడు వాకిట్లో చుక్కల ముగ్గు గుర్తొచ్చింది. మనకి తెలిసిన ఒక్కో మనిషికీ మన తలలో ఒక్కో ముగ్గు ఉంటుందన్నమాట. గడియ ఆ ముగ్గుని పటంగా గీసి దాచుకుని, దాని దాకా వెళ్ళే దారులన్నీ మూసేస్తుంది. ఆ తర్వాత ఆ మనిషి మొహం చూసినా, గొంతు విన్నా ఆ తలలో ఒక్క చుక్క కూడా వెలగదు. ఎప్పుడైనా మళ్ళీ తెరవాలంటే ఆ దాచుకున్న పటం కావాలి. తల చిన్నదయినా పటం చాలా పెద్దది, అందుకని తలకి ఒక్క పటమే దాచే చోటు పెట్టాడు నాన్న.

యంత్రానికి బటన్లు పెట్టనివ్వలేదు. "బటనైతే మోచెయ్యి తగిలినా నొక్కుకుంటుంది. ఆజ్ఞయితే మనిషన్నవాడు కూర్చుని, ఆలోచించి, అక్షరం అక్షరం రాయాలి" అనేవాడు. అందుకని గడియకి ఏం చెప్పాలన్నా ఒక పొడుగాటి వరుసగా రాసి చెప్పాలి. గడియ వెయ్యాలో తియ్యాలో, ఎంత గట్టిగానో, పటం ఎక్కడ దాచాలో, అన్నీ ఆ వరుసలోనే. ఎవరి మీద అన్నచోట పేరు రాయడానికి వీల్లేదు. యంత్రానికి పేర్లు తెలియవు, వెలిగే చుక్కలే తెలుసు. కాబట్టి అక్కడ 'ఎదుటి మనిషి' అని రాస్తారు. ఆ క్షణంలో ఎవరి ముగ్గు వెలుగుతుంటే వాళ్ళే ఎదుటి మనిషి.

చెప్పడానికి బాగానే ఉంది. కానీ ఆ ల్యాబులో ఏ ఆజ్ఞనీ ఎవరూ కొత్తగా రాసిన పాపాన పోలేదు. అంత పొడుగు వరుసలో ఒక్క అక్షరం తప్పినా ముప్పే కదా అని, ఒకసారి సరిగ్గా పనిచేసిన వరుసనే మళ్ళీ పిలిచి, ఎడిటరులో తెరిచి, మార్చాల్సిన ఒక మాట మార్చి మూసేవాళ్ళు. మూయగానే అది నడిచేది. ఈ అలవాటు చేసిందీ నాన్నే.

అందులో ఒక మెలిక ఉంది. ఎడిటరు మూసేటప్పటికి అందులో ఏ వరుస ఉంటే అది నడుస్తుంది. ఏమీ మార్చకుండా మూసినా పాత వరుస పాతగానే మళ్ళీ నడుస్తుంది. వద్దనుకుంటే వరుసంతా చెరిపేసి, ఖాళీగా మూయాలి. నాన్నకి ఈ ఏర్పాటు నచ్చేది కాదు. అందుకని తన ఎడిటరుకి ఒక మర్యాద నేర్పుకున్నాడు: దాచకుండా బయటికి వచ్చేస్తే ఆ ఆజ్ఞ రద్దయిపోవాలి. నాకు ఇష్టమైన ఎడిటరు ఇదీ అని సెట్టింగుల్లో ఒక్క వరుస రాసి పెట్టుకున్నాడు. ఇక ఆ మెలిక గురించి ఆలోచించే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

గడియని కుర్చీలో కూర్చుని వేయించుకున్న మొదటి మనిషి మా అమ్మ.

అమ్మకి ఒక్కడే తమ్ముడు. పేరు వీరభద్రరావు, కానీ ఆ పేరుతో పిలిచింది బళ్ళో మేష్టార్లే. అందరికీ అబ్బులు. నా ఓణీల ఫంక్షనుకి మేనమామ వరసలో పట్టుబట్టలు తెచ్చి, వీడియో తీస్తున్న కెమెరా ముందు నిలబడి, "మా అక్క కన్నా మా మేనకోడలే అందగత్తె, ఇది అక్కకి చెప్పకండి" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. వీపు మీద ఒకటిచ్చింది.

కోనసీమలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలంటే అప్పట్లో రేవు దాటాలి. ఏరు దాటించే పంటు మీద ఆటోలు, మోటారుసైకిళ్ళు, కొబ్బరి బస్తాలు, మనుషులు అన్నీ ఒక్కసారే ఎక్కేసేవి. ఆ రోజు పంటు ఏటి మధ్యలో ఒరిగిపోయింది. అమ్మ ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది, రెండో చేత్తో అబ్బులు మావయ్యని పట్టుకుంది. చెయ్యి జారింది. నీళ్ళలోంచి "అక్కా" అని ఒక్కసారి అన్నాడు. రెండోసారి అనలేదు.

తర్వాత అమ్మ అమ్మలా లేదు. బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటే చెవులు మూసుకునేది. స్నానం చేయించాలంటే, ఊరొదిలి మా ఇంటికే వచ్చేసిన అమ్మమ్మ తడిబట్టతో ఒళ్ళు తుడవాల్సి వచ్చేది. బస్సు కండక్టరు మొహంలో, కూరగాయలబ్బాయి మొహంలో, ఆఖరికి నాన్న మొహంలో కూడా మావయ్యే కనిపించేవాడు. అన్నం సహించేది కాదు. మందులు, డాక్టర్లు, మొక్కులు అన్నీ అయిపోయాయి. అలా ఇంకొన్నాళ్ళు గడిస్తే అమ్మ మాకు దక్కేది కాదు.

అడిగింది అమ్మే. "ఏవండీ, మీ యంత్రం నాకు పెట్టండి. వాడి మొహం నేనింక చూడలేను." నాన్న కుదరదన్నాడు. తర్వాత ఆలోచిస్తానన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. అమ్మమ్మ ఒప్పుకుందా లేదా అని ఎవరూ అడగలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా మావయ్య ఫొటో పెట్టి, నా ఓణీల వీడియోలో మావయ్య మాట్లాడిన ముక్క వినిపించారు. చుక్కలు వెలిగాయి. నాన్న వరుస నడిపించాడు. చుక్కలు ఆరిపోయాయి. ఇంటికొచ్చి అమ్మ కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. పప్పుచారు పెట్టుకుని రెండుసార్లు అన్నం వడ్డించుకుంది. నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. సంతోషంతోనే.

సంతోషం అలా ఉండగానే, అమ్మ హాల్లోకొచ్చి గోడ వైపు చూసి అడిగింది: "ఎవరండీ ఈ అబ్బాయి? మనింట్లో ఫొటో ఎందుకు పెట్టారు?"

నాన్న ఫొటో తీసేశాడు. అమ్మమ్మ దాన్ని తన ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టుకుంది. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక చెప్పేసింది: "నీ తమ్ముడే తాయారూ. అబ్బులు. నువ్వెత్తుకు పెంచేవు." అమ్మ పేరు మంగతాయారు. ముందు వేళాకోళమనుకుని నవ్వింది. మేమెవ్వరం నవ్వకపోయేసరికి భయపడిపోయింది. "నాకు తమ్ముడుంటే నాకు తెలీదా? అంటే నాకింకా ఏమేం తెలీదు?" అని ఇల్లంతా తిరిగింది. నిద్ర మానేసింది. నా గడ్డం పట్టుకుని "నువ్వు నిజంగా నా కూతురివేనా?" అని అడిగింది. ఆ మాట అడిగినప్పుడు ఆ కళ్ళలో బెదురు నేను మర్చిపోలేను.

మూసిన దారుల్లో నిలవక, ఆ మాట కొన్నాళ్ళకి అమ్మ తలలోంచి జారిపోయింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదని నాన్న కట్టడి చేశాడు. మావయ్య పోయిన రోజు వస్తే అమ్మమ్మ పక్కింటి సరోజినిగారింటికి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది. సొంత కొడుకు కోసం ఏడవడానికి ఊరివాళ్ళింటికి వెళ్ళాల్సి వచ్చింది మా అమ్మమ్మకి. ఇంట్లో అమ్మ మాత్రం మళ్ళీ మనిషయింది. నాన్న రెండో భార్య మీద జోకులు వేసేది. సాయంత్రాలు బీచికి వెళ్ళి, అల వచ్చి కాళ్ళు తడుపుతుంటే చీర కుచ్చిళ్ళు పట్టుకుని నవ్వేది. నాకు అదే కావాలి. అమ్మమ్మ సంగతి తల్చుకుంటే బాధగా ఉండేది గానీ, అమ్మ నవ్వు ముందు ఆ బాధని పక్కకి నెట్టేసేదాన్ని.

కొన్నేళ్ళు అలా గడిచాయి. నా చదువైపోయి పోర్టు ఆఫీసులో ఉద్యోగంలో చేరాను. అమ్మమ్మకి గుండె నీరసించింది, ఇంక ఎక్కువ ఆశపెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆ వారంలోనే ఆవిడ నాన్నని పిలిచి కూర్చోమంది.

"అల్లుడుగారూ, నేనెప్పుడూ మిమ్మల్నేదీ అడగలేదండి."

"చెప్పండి అత్తయ్యగారూ."

"ఆ గడియ తీసేయండి."

నాన్న తల దించుకున్నాడు.

"అది మళ్ళీ మంచం ఎక్కుద్దని మీ భయం. నాకూ ఉంది. కానీ బాబూ, వాడి కోసం నాతో కలిసి ఏడవడానికి ఈ భూమ్మీద నాకింకో మనిషి లేదండి. నేను పోయేక వాడనేవాడొకడు ఉన్నాడని ఎవరికి గుర్తుంటుంది?"

"నాకు గుర్తున్నాడు కదా అమ్మమ్మా" అన్నాను.

"నీకు మావయ్య గుర్తున్నాడు. దానికి వాడి పాలపళ్ళూడిన మొహం తెలుసే. చలిజ్వరం వస్తే దాని పక్కలోనే పడుకునేవాడు. నాకు ఆ తాయారు కావాలి. ఒక్కసారి దాని ఒళ్ళో తలపెట్టి ఏడుస్తాను, చాలు."

నాకిష్టం లేదు. ఆ మాట నాన్నతో గట్టిగానే చెప్పాను. కానీ ఆయన అప్పటికే మెత్తబడిపోయాడు. ఆ మధ్యే ఇద్దరు వలంటీర్లకి గడియ వేసి తీశారు, ఇద్దరికీ సరిగ్గా తెరుచుకుంది. అమ్మ కూడా ఇప్పుడు గట్టిగా ఉంది. మందులిస్తూ, పక్కనే ఉండి, మెల్లగా తేరుకునేలా చేయొచ్చు అన్నాడు. అమ్మకి చెప్పకుండా మాత్రం చెయ్యనన్నాడు.

"తాయారూ, నీకు పాత గడియ ఒకటి ఉంది. తీద్దామనుకుంటున్నాం."

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు. "తీస్తే ఏడుస్తానా?"

"ఏడుస్తావు."

"చాలా?"

నాన్న తనూ ఒక కాయ తీసుకుని ఒలవబోయాడు. అమ్మ అంది: "అమ్మ ఇన్నేళ్ళుగా నా మొహంలో ఏదో వెతుక్కుంటోందండీ. నాకు తెలుస్తూనే ఉంది. అదేంటో నా దగ్గరే ఉంటే ఆవిడకిచ్చెయ్యండి."

అమ్మ అలాంటిది.

ల్యాబుకి నలుగురం వెళ్ళాం. అమ్మమ్మ ఫొటోని కొంగులో చుట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. గడియ తెరుచుకున్న వెంటనే లోపలికి పిలుస్తామని, అమ్మ మొదట చూసే మొహం వాడిదే కావాలని నాన్న అనుకున్నాడు. లోపల అమ్మకి టోపీ పెట్టారు. మనసు కుదుటపడేదాకా నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెయ్యి పట్టుకోమన్నారు. తర్వాత నేను లేచి పక్కకి వెళ్ళాలి. అప్పుడు వరుస నడపాలి. తెర మీద నా ముగ్గు వెలుగుతోంది. "అదుగో, అది నువ్వే" అని నాన్న వేలు పెట్టి చూపించాడు. అంత పెద్ద ముగ్గు నేనెప్పుడూ చూడలేదు, తెర చాలలేదు. నాకు గర్వంగా అనిపించింది. చిన్నపిల్లలా "బాగుంది కదమ్మా" అని కూడా అన్నాను.

ల్యాబులో కంప్యూటర్లు చూసుకునే జోసెఫ్ గారు పక్క గదిలో ఉన్నారు. అంతకు కొన్ని రోజుల ముందే ఆయన యంత్రానికి కొత్త సిస్టం వేసి, ఎవరి సెట్టింగులు వాళ్ళు మళ్ళీ రాసుకోవాలని అందరికీ చెప్పారు. నాన్న సరే సరే అన్నాడు. అంతటితో ఊరుకున్నాడు.

నాన్న కుర్చీ లాక్కుని, అమ్మకి గడియ వేసిన నాటి వరుసని పైకి పిలిచాడు. 'వెయ్యి' అన్నచోట 'తియ్యి' అని మార్చాలి. అంతే పని. నేను లేచే ముందే మార్చి సిద్ధంగా పెట్టుకుందామనుకున్నాడు. ఎడిటరు తెరవడానికి మీట నొక్కాడు.

నల్లటి తెర రాలేదు. తెల్లటి కిటికీ ఒకటి, పైన మెనూలతో, రంగురంగుల బొమ్మలతో తెరుచుకుంది.

"ఛ! ఇదెక్కడి దరిద్రం!" అన్నాడు నాన్న. "జోసెఫూ! నా ఎడిటరేదయ్యా?"

"సెట్టింగు రాసుకోమన్నాను కదండీ!" పక్క గదిలోంచి వినిపించింది.

"ఒలిచి చేతిలో పెడితే గానీ..." అని నాన్న తనని తనే తిట్టుకుంటూ నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. "రెండోవిడ అలిగిందేమో, బతిమాలుకోండి" అంది. ఆయన మౌసు పట్టుకుని, వరుసలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోకుండా, కిటికీ మూలనున్న గుర్తు మీద నొక్కాడు. దాచకుండా మూసేయాలా అని అడిగింది. అవునని నొక్కాడు. బయటికొచ్చి, తన ఇష్టమైన ఎడిటరు పేరు సెట్టింగులో రాసుకుని, మళ్ళీ మొదటినుంచీ పెట్టుకుందామని ఆయన ఉద్దేశం.

అమ్మ నాతో అంటోంది: "ఇంటికెళ్ళేప్పుడు రైతుబజారు దగ్గర ఆపమనవే నాన్నని. నిన్నటి చిక్కుడుకాయలు లేతగా..."

టోపీలోంచి తేనెటీగల రొద లాంటి చప్పుడు మొదలైంది.

నాన్న అప్పటికే సెట్టింగు వరుస టైపు చేస్తున్నాడు. సగంలో చేతులు ఆగిపోయాయి. ఆ తెల్ల కిటికీకి ఆయన మర్యాద ఎవరూ నేర్పలేదు, మార్చని పాత 'వెయ్యి' వరుసే నడిచిపోతోంది. ఆయన తెర వంక చూశాడు, నా వంక చూశాడు. "ఇందూ, లే!" అని అరిచాడు. నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలోపు చప్పుడు ఆగిపోయింది. తెర మీద నా ముగ్గు ఒక మూల నుంచి ఇంకో మూలకి ఆరిపోయింది.

అమ్మ తన చేతిలో ఉన్న నా చేతిని చూసుకుంది. నొప్పించకుండా, మెల్లగా విడిపించుకుంది.

"ఏమ్మా, మీరు ఇక్కడ నర్సా?" అంది.

నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ నాన్న వైపు తిరిగి, "పాపం, ఈ అమ్మాయి ఏడుస్తోందండీ, ఏమైందో కనుక్కోండి" అంది. నా కోసమే అంది. తెలియని పిల్ల కోసం అంది.

జోసెఫ్ గారు పరుగెత్తుకొచ్చారు. నాన్న మొహం సున్నం కొట్టినట్టుంది. తెర కింద మూలలో పటం దాచుకున్నానని యంత్రం చెబుతోంది. నాన్న అది చదివి గట్టిగా ఊపిరి వదిలాడు. "పటం ఉంది. ఇందూ, నీ పటం ఉంది. భయపడకు. గడియ తీసేస్తాను." అదే మాట నాలుగుసార్లు అన్నాడు. అప్పుడే ఆయన చూపు ఆ పటం దాచిన చోటు మీద పడింది. పాత వరుస ఎక్కడ దాచమందో అక్కడే దాచింది యంత్రం. అంతకు ముందు అక్కడ ఉన్నదాని మీద.

ఆ తర్వాత నడపాల్సిన ఆజ్ఞని నాన్న పాతదాంట్లోంచి పిలవలేదు. ఏ ఎడిటరూ తెరవలేదు. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ, వెతికి వెతికి నొక్కుతూ, ఆ వరుసంతా మొదటినుంచీ తనే రాశాడు. యంత్రం కట్టినప్పటి నుంచీ తను అందరికీ చెబుతూ వచ్చిన పద్ధతి అదే. ఆయన దాన్ని పాటించడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మళ్ళీ ఆ రొద. అమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచింది.

"చెయ్యెందుకే వదిలేశావు?" అంది నాతో. "ఏంటే ఆ ఏడుపు, ఇందూ? ఏమైంది?"

అమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. సిగ్గు లేకుండా, బిగ్గరగా ఏడ్చాను. ఆ ఒళ్ళు మళ్ళీ నాదయింది, అంతకన్నా నాకేం పట్టలేదు. "పనిచేసింది" అన్నారు జోసెఫ్ గారు సంతోషం పట్టలేక. అనేసి నాలిక కరుచుకున్నారు.

ఏడుపు విని అమ్మమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. నేను ఏడవడం, అమ్మ నన్ను ఒళ్ళోకి తీసుకోవడం చూసింది. గడియ తెరుచుకుందనే అనుకుంది. అనుకోదూ మరి? కొంగు విప్పి ఫొటో బయటికి తీసి, అమ్మ ముందు పట్టుకుంది. "తాయారూ" అంది. ఆ పిలుపులో ఇన్నేళ్ళ ఆశా ఉంది.

అమ్మ ఫొటో వైపు చూసి, నాన్న వైపు చూసింది, ఏం చెయ్యాలో చెప్పమన్నట్టు.

నాన్న కళ్ళతో సైగ చేస్తే జోసెఫ్ గారు టోపీ విప్పి, నీళ్ళు తాగుదురుగాని రండమ్మా అని అమ్మని పక్క గదిలోకి తీసుకెళ్ళారు.

"అత్తయ్యగారూ" అన్నాడు నాన్న. జరిగింది చెప్పాడు. దాచలేదు, మెలికలు తిప్పలేదు. ఎడిటరు సంగతి కూడా చెప్పాడు.

"పనిచేసిందన్నారు కదండీ ఆయన?"

"ఇందుది పనిచేసింది. అబ్బులు పటం మీద ఇందు పటం పడిపోయింది. అబ్బులుది ఇంక లేదు."

"మళ్ళీ గీయండి."

"వెలిగితేనే గీయగలమండి. తాయారు తలలో వాడిప్పుడు వెలగడు."

అమ్మమ్మ చాలాసేపు ఆ కంప్యూటరు వైపు చూస్తూ నిలబడింది. ఆవిడకి అందులో ఏం కనపడిందో నాకు తెలియదు. "ఒక్క మాట మార్చడానికే కదండీ కూర్చున్నారు" అంది. ఆ తర్వాత నాన్నని ఎప్పుడూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, ఆయనకి.

కారులో అమ్మ ముందు సీట్లో కూర్చుంది. రైతుబజారు దగ్గర చిక్కుడుకాయలు కొంది. మళ్ళీ కారెక్కాక అడిగింది: "తీశారా మరి? నాకేం ఏడుపు రావట్లేదే?"

"కుదరలేదు తాయారూ" అన్నాడు నాన్న.

"పోన్లెండి, ఇంకోసారి చూద్దురుగాని" అని ఆయన భుజం తట్టింది.

ఆ తర్వాత నాన్న ల్యాబుకి వెళ్ళడం మానేశాడు. యంత్రాన్ని మనుషుల మీద వాడకూడదని రాసిచ్చి వచ్చేశాడట. జోసెఫ్ గారు ఒకసారి ఇంటికొచ్చి, నాన్న సగం టైపు చేసి వదిలేసిన సెట్టింగు వరుస ఇంకా అలాగే ఉందని, పూర్తి చెయ్యమంటారా అని అడిగారు. నాన్న వద్దన్నాడు. అమ్మ ఇప్పుడు రెండోవిడ గురించి జోకులు వేస్తే ఆయన నవ్వడు. ఎందుకో అమ్మకి తెలియదు. వేళాకోళాలు మాని, ఆయనకి ఇష్టమైన కూరలు వండి పెడుతోంది.

ఆ రోజు ల్యాబు నుంచి వచ్చిన సాయంత్రం సంగతి చెప్పాలి.

అమ్మమ్మ వసారాలో చాప మీద గోడకానుకుని కూర్చుంది. ఫొటో ఒళ్ళోనే ఉంది. ట్రంకు పెట్టెలో పెట్టాలని తట్టలేదో, ఓపిక లేదో. అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చుకుని పక్కన కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను. కాయలు ఒలుస్తూ ఒలుస్తూ అమ్మ ఫొటో వైపు వంగి చూసింది.

"ఈ అబ్బాయేనా అమ్మా? నేను ఏడవాల్సింది ఇతని కోసమేనా?"

అమ్మ ఫొటో చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. నుదురు ముడిపడింది. బడిలో పాఠం రాని పిల్లలా, కష్టపడి, ఇంకా ఇంకా కష్టపడి చూసింది.

"ఏమీ రావట్లేదమ్మా" అంది చివరికి. గొంతులో తప్పు చేసిన బెదురు. ఒకప్పుడు నా గడ్డం పట్టుకుని అడిగినప్పటి బెదురే. "ఎంత చూసినా రావట్లేదు. నేనెలాంటి దాన్నమ్మా? నాకు..."

అమ్మమ్మ ఆ కళ్ళలోకి చూసింది. చెయ్యి చాపి ఫొటో వెనక్కి తీసుకుంది.

"ఇతను కాదులేమ్మా" అంది. "ఇతను మా వీధిలో అబ్బాయి. ఎవరికో ఇద్దారని తెచ్చేను."

"మీ వీధిలోనా?" అమ్మ మొహం తేటపడింది. "అమ్మయ్య. ఏం చేస్తుంటాడు?"

"పోయేడమ్మా. రేవులో పంటు ఒరిగి పోయేడు."

"అయ్యయ్యో!" అమ్మ చేతిలో కాయ పళ్ళెంలో పడిపోయింది. "ఇంత చిన్నవాడా? చూడమ్మా ఆ నవ్వు... వాళ్ళమ్మ ఉందా?"

"ఉంది."

"ఎలా ఉందమ్మా ఆవిడ? ఎలా తట్టుకుంది?"

అమ్మ కళ్ళు నిండిపోయాయి. ఎవరో తెలియని ఆ తల్లి కోసం, ఎవరో తెలియని ఆ పిల్లాడి కోసం అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మా అమ్మ ఎప్పుడూ అంతే, పేపర్లో చదివినా ఏడుస్తుంది. అమ్మమ్మ మెల్లగా ఒరిగి, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

"ఆవిడకి ఎవరైనా ఉన్నారా అమ్మా, తోడు?" అమ్మ ఆవిడ జుట్టు నిమురుతూ అడిగింది.

"ఒక కూతురుందమ్మా" అంది అమ్మమ్మ. "మంచిపిల్ల."